ఒంట్లో నీటిని నడిపే ఉప్పు



మా గుడ్లవల్లేరు నుంచి పెడన, బంటుమిల్లి మీదుగా కృత్తివెన్ను వైపు వెళ్తుంటే వరిచేలు తగ్గుతూ చెరువులు ఎక్కువవుతాయి. ముందు చేపల చెరువులు, సముద్రం దగ్గరపడే కొద్దీ రొయ్యల చెరువులు. రొయ్యలు వేసిన రైతు గట్టు మీదికి రాగానే చేసే పనుల్లో ఒకటి నీటి సెలినిటీ చూసుకోవడం. చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద ఒక చుక్క నీరు వేసి, వెలుతురుకేసి పట్టుకుని, కంటికి ఆనించి చూసి అంకె చెప్పేస్తాడు. పది అన్నాడంటే లీటరు నీటిలో 10 గ్రాముల ఉప్పు ఉన్నట్టు లెక్క. దాన్నే పీపీటీ అంటారు. కాలువ నీటికి ఆ అంకె ఒకటి కూడా రాదు. సముద్రపు నీటికి 35 దగ్గర వస్తుంది. వనామీ రొయ్య ఈ రెండు కొసల మధ్య చాలా దూరం సర్దుకుని బతకగలదు. అందుకే సముద్రానికి ఇంత ఎడంగా కూడా మనవాళ్ళు దాన్ని పెంచగలుగుతున్నారు.

ఇదే కొలతలో మన రక్తం సెలినిటీ ఎంతో ఎప్పుడైనా ఆలోచించారా? సుమారుగా 9. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది చూడండి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు అన్నమాట. సముద్రంలో పావు వంతు. రొయ్యకున్న వెసులుబాటు మనకు లేదు. ఈ చిక్కదనం నూటికి ఒకటి రెండు పాళ్ళు పెరిగితే చాలు, మెదడు దాహం పుట్టిస్తుంది. అంతే తగ్గితే మూత్రం ఎక్కువగా వదిలిస్తుంది. నూటికి పది పాళ్ళు, అదీ గబగబా మారిపోతే మనిషి తికమకపడతాడు, మగతలోకి జారిపోతాడు.

మన ఒంట్లో నీరు ఎక్కడ ఎంత ఉంటుంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా పోతుంది అన్నది ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను. ఇందులో అసలు సంగతి ఒక్కటే. ఒంట్లో ఉప్పు ఎటు ఉంటే నీరు అటు చేరుతుంది. ఈ ఒక్కటి మనసుకు పట్టిందంటే వడదెబ్బ, నీళ్ళ విరేచనాలు, కాళ్ళవాపు, ఈ మూడింటిలో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చాలావరకు మీకే తడుతుంది.

60 కిలోల మగమనిషిని తీసుకుందాం. అందులో 36 లీటర్ల దాకా నీరే. ఆడవాళ్ళలో కొంచెం తక్కువ, సుమారు సగం బరువు. కండలో నీరు ఎక్కువ, కొవ్వులో తక్కువ కాబట్టి ఈ తేడా. అప్పుడే పుట్టిన బిడ్డ బరువులో నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది. వయసు మళ్ళి కండ కరిగిన కొద్దీ ఈ పాలు తగ్గుతూ వస్తుంది. అందుకే ఒక్కరోజు విరేచనాలైతే మనం తట్టుకుంటాం గానీ, పసివాళ్ళూ పెద్దవాళ్ళూ వాడిపోతారు.

ఆ 36 లీటర్లలో 24 లీటర్లు కణాల లోపల ఉంటుంది. మిగిలిన 12 లీటర్లు కణాల బయట. బయట ఉన్నదాంట్లో 9 లీటర్లు కణాల చుట్టూ సందుల్లో ఉంటే, రక్తనాళాల్లో తిరిగే నీరు 3 లీటర్లే. ఎర్రకణాలతో కలిపితే నాలుగైదు లీటర్ల రక్తం అవుతుంది. మొత్తం నీటిలో ఇది పన్నెండో వంతే అయినా గుండె ఒత్తి పంపేదీ, మెదడుకూ కిడ్నీలకూ అందేదీ ఇదే. నీరు తక్కువైనప్పుడు ఒళ్ళు మొదట కాపాడుకోజూసేది ఈ 3 లీటర్లనే. నోరు ఎండనిస్తుంది, చర్మం ముడతపడనిస్తుంది, మూత్రం తగ్గించేస్తుంది, నాళాల్లో నీరు మాత్రం పడిపోకుండా చివరిదాకా చూస్తుంది.

కణం గోడలో నుంచి నీరు తేలిగ్గా అటూ ఇటూ పోగలదు. నీటికోసమే ఉన్న సన్నని దారులను అమెరికాలో పీటర్ అగ్రే గుర్తించి, 2003లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఉప్పు మాత్రం అలా పోలేదు. ఉప్పు ఎక్కువున్న వైపుకి నీరు లాగబడుతుంది. మామిడికాయ ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో వేస్తే తెల్లారేసరికి ఊట ఊరడం మీరు ఏటా చూసేదే. ముక్కలోని నీరే ఉప్పుకోసం బయటికొచ్చింది. మన డెల్టా రైతుకు ఇదే సంగతి ఇంకో రూపంలో బాగా అనుభవం. చౌడెక్కిన చేలో మడినిండా నీళ్ళున్నా వరి ఆకు చివర్లు ఎండిపోతాయి. వేరు బయట ఉప్పు ఎక్కువైతే పక్కనే ఉన్న నీటిని మొక్క లోపలికి తీసుకోలేదు. బందరులోని వ్యవసాయ పరిశోధన స్థానం చౌడును తట్టుకునే వరి రకాల మీద పనిచేస్తున్నది ఇందుకే.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు పది వేల మంది పోయారు. పెద్దవాళ్ళు ఆ రోజు గురించి చెప్పేటప్పుడు నీరు ఎంత ఎత్తున వచ్చిందో చెప్తారు, ఎవరెవరు పోయారో చెప్తారు. నేను దాంట్లో ఒక్క ముక్క గురించే మాట్లాడతాను. ఉప్పెన తీసిన తర్వాత బావుల్లో, చెరువుల్లో మిగిలింది సముద్రపు నీరు. బతికి బయటపడ్డవాళ్ళకు చుట్టూ నీళ్ళే, తాగే నీళ్ళకు మాత్రం ఇబ్బంది. దాహానికి తట్టుకోలేక సముద్రపు నీరు తాగితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఒక లీటరులో 35 గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. మన కిడ్నీలు ఎంత చిక్కగా మూత్రం చేసినా లీటరుకు 20 గ్రాములకు మించి ఉప్పును బయటికి పంపలేవు. ఆ 35 గ్రాములను వదిలించుకోవాలంటే లీటరున్నరకు పైగా మూత్రం పొయ్యాలి. లీటరు తాగి అంతకన్నా ఎక్కువ పోగొట్టుకుంటాం. మిగిలిన ఉప్పు కణాల లోపలి నీటిని కూడా బయటికి లాగేస్తుంది. తాగిన కొద్దీ దాహం పెరుగుతుంది.

కణం లోపలా బయటా చిక్కదనం ఒకటే. కాని సరుకు వేరు. బయట ఉన్నది ముఖ్యంగా సోడియం, అంటే మన వంటింటి ఉప్పులోది. లోపల ఉన్నది పొటాషియం. సోడియం ఎప్పుడూ లోపలికి జారుతూనే ఉంటుంది. జారినదాన్ని జారినట్టు బయటికి తోసెయ్యకపోతే దాని వెంట నీరు చేరి కణం ఉబ్బిపోతుంది. ఆ తోసే పంపును కనిపెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ. 1957లో, పీతల కాళ్ళలోని నరాల మీద పరీక్షలు చేసి. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పంపు ఒక్కో విడతకు మూడు సోడియం కణికలను బయటికి పంపి రెండు పొటాషియం కణికలను లోపలికి తెస్తుంది. మనం ఊరికే పడుకుని ఉన్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ పనికే పోతుంది.

ఆ పంపును నడిపే ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికా హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా కనుక్కున్నారు. ఆ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. 1895లో భీమవరంలో, మన పక్క డెల్టాలో పుట్టినవారు. ఒంట్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి ఆయన కనిపెట్టారు. ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు దాన్నే వాడాయి. కణం లోపల పొటాషియానికి తోడుండేవాటిలో ముఖ్యమైనది ఆ భాస్వరపు లవణమే. ఈ పేరు మన పిల్లలకు ఇంకా బాగా తెలియాలని నా కోరిక.

ఇక కాళ్ళవాపు గురించి కొంచెం నిదానంగా చెప్తాను. ఇక్కడ చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటి ఉంది. కాళ్ళకు నీరు దిగిందనగానే ఇంట్లోవాళ్ళు చేసే మొదటి పని మంచినీళ్ళు తగ్గించడం. పథ్యం పేరుతో పెట్టేది మాత్రం చారూ, అప్పడం, ఊరగాయ. చెయ్యాల్సినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఒక లీటరు ఉత్త మంచినీరు తాగితే అది ఒంట్లో అన్నిచోట్లకూ సర్దుకుంటుంది. మూడింట రెండు వంతులు కణాల్లోకి పోతుంది. రక్తనాళాల్లో మిగిలేది వంద మిల్లీలీటర్ల లోపే. కిడ్నీలు బాగుంటే మిగులు నీరు కొద్ది గంటల్లో మూత్రంగా వెళ్ళిపోతుంది. ఉప్పు అలా కాదు. సోడియం కణాల్లోకి పోలేదు కాబట్టి బయటి 12 లీటర్లలోనే ఉండిపోతుంది, తనకు తగ్గ నీటిని అక్కడే పట్టి ఉంచుతుంది. లీటరుకు 9 గ్రాములన్న లెక్క గుర్తుంది కదా. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిచిపోతే దాంతోపాటు ఒక లీటరు నీరు నిలిచిపోతుంది. ఆ నీరు సందుల్లో చేరి, నిలబడితే పాదాలకు, పడుకుంటే నడుం కిందికి దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడేసరికి ఒంట్లో రెండు మూడు లీటర్లు అప్పటికే చేరి ఉంటాయి.

అలా ఉప్పు నిలిచిపోవడానికి కారణం గుండె బలహీనపడటం కావచ్చు, కిడ్నీ జబ్బు కావచ్చు, కాలేయం చెడటం కావచ్చు. గుండె సరిగా కొట్టలేకపోతే నాళాల్లోని 3 లీటర్లూ తగ్గిపోయాయని కిడ్నీలు పొరబడతాయి, ఉప్పును బయటికి పోనివ్వకుండా దాచుకుంటాయి. అందుకే వాపు ఉన్నవాళ్ళకు వైద్యులు మొదట కట్టడి చేసేది ఉప్పు. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు, బజారు మిక్చర్లు, ఇవన్నీ ఆ ఉప్పులోకే వస్తాయి. నీళ్ళు కూడా కొలత ప్రకారమే తాగమని మీ డాక్టరు చెప్పి ఉంటే ఆ మాట తప్పకుండా పాటించండి. కొందరికి అది నిజంగా అవసరం. డాక్టరు చెప్పకుండా, వాపు కనిపించిందని మీ అంతట మీరు పెద్దవాళ్ళకు నీళ్ళు మానిపించకండి.

గర్భిణి పాదాలు సాయంత్రానికి కొంచెం వాచడం మామూలే. కడుపుతో ఉన్నప్పుడు రక్తం నూటికి నలభై పాళ్ళకు పైగా పెరుగుతుంది. కాని ముఖం ఉబ్బినా, చేతి గాజులు బిగుసుకున్నా, తలనొప్పి, కళ్ళు మసకలు ఉన్నా ఆ రోజే బీపీ చూపించాలి. 140 మీద 90 దాటితే ఆశా కార్యకర్తకు చెప్పి ఆస్పత్రికి వెళ్ళాలి.

ఉప్పు తగ్గించినా తగ్గని వాపు ఒకటుంది, బోదకాలు. కోస్తా జిల్లాల్లో తరతరాలుగా ఉన్న జబ్బు. సన్నని రక్తనాళాల నుంచి సందుల్లోకి రోజూ కొన్ని లీటర్ల నీరు ఊరుతుంది. అందులో తిరిగి నాళాల్లోకి పోగా మిగిలినదాన్ని లింఫు నాళాలు పట్టుకుని మళ్ళీ రక్తంలో కలుపుతాయి. మురుగునీటి దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగులు ఆ లింఫు నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తాయి. దారి మూసుకుపోయి, మాంసకృత్తులు నిండిన నీరు కాలిలోనే ఉండిపోతుంది. దీనికి రోజూ కాలు సబ్బుతో కడుక్కుని ఆరబెట్టుకోవడం, ఎత్తున పెట్టుకోవడం, పుండు పడకుండా చూసుకోవడం ముఖ్యం. చైనాలో ఈ జబ్బును అణచడానికి డీఈసీ మందును వంట ఉప్పులోనే కలిపి జనానికి అందించారు. 2007 నాటికి అక్కడ ఆ జబ్బు పోయిందని ప్రకటించారు. మన దగ్గర అదే మందును మాత్రలుగా ఇంటింటికీ తెచ్చి ఇస్తారు. జబ్బు లేదు కదా అని పారెయ్యకుండా వాళ్ళ ముందే వేసుకోండి.

ఇన్ని లెక్కలూ సరిచూసేది కిడ్నీలు. రోజుకు 180 లీటర్ల నీటిని వడకడతాయి. అంటే నాళాల్లోని ఆ 3 లీటర్లే రోజుకు అరవై సార్లు వాటిలో నుంచి పోయి వస్తాయన్నమాట. అంత వడకట్టి బయటికి వదిలేది మామూలుగా లీటరున్నర. రక్తం చిక్కబడితే మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి ఒక హార్మోను వదులుతుంది, కిడ్నీలు నీటిని వెనక్కి తీసుకుని మూత్రాన్ని ముదురు పసుపు రంగుకు తెస్తాయి. నీళ్ళు ఎంత మానేసినా రోజుకు అర లీటరు మూత్రమన్నా పోవాలి, లేకపోతే ఒంట్లోని మలినాలు బయటికి పోవు. ఇది కాక ఊపిరిలో, చర్మం మీద నుంచి మనకు తెలియకుండానే ముప్పావు లీటరు దాకా ఆవిరైపోతుంది.

చెమట వేరే లెక్క. మన డెల్టా ఎండకు ఉక్కపోత తోడు. రాయలసీమలో ఎండ ఇంకా ఎక్కువ కావచ్చు, కాని అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట వెంటనే ఆరిపోతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి 580 కేలరీల వేడి తీసుకుపోతుంది. అదే చెమట ధారగా కారి నేలమీద పడితే నీరూ పోతుంది, ఉప్పూ పోతుంది, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. మే నెలలో ఉపాధి హామీ పనికి మట్టి తవ్వేవాళ్ళకు, ఇటుకబట్టీల్లో పనిచేసేవాళ్ళకు గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. 2015 వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎండలో పనిచేసుకునే కూలీలు, ముసలివాళ్ళు ఎక్కువ.

చెమట రక్తం కంటే పలచన. ఎండ అలవాటు లేనివాళ్ళ చెమటలో లీటరుకు 3 గ్రాముల దాకా ఉప్పు పోతుంది. పది పదిహేను రోజులు రోజూ కొంతసేపు ఎండలో పనిచేస్తే ఒళ్ళు ఉప్పును దాచుకోవడం నేర్చుకుంటుంది, చెమటలో ఉప్పు సగానికి సగం తగ్గుతుంది. హైదరాబాదులో ఏసీ గదిలో పనిచేసే అబ్బాయి సెలవుకొచ్చి, మొదటి రోజే నాన్నతో సమానంగా చేలో నిలబడకూడదనేది ఇందుకే. పిల్లవాడికి బలం లేక కాదు, ఒళ్ళు ఇంకా సిద్ధపడలేదు.

నాలుగు గంటలు చెమటోడ్చి ఉత్త మంచినీళ్ళే నాలుగు లీటర్లు తాగితే పోయిన నీరు వచ్చింది గాని పోయిన ఉప్పు రాలేదు. రక్తం పలచనవుతుంది. పిక్కలు పట్టేస్తాయి, తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటుంది. అది చూసి ఇంకా నీళ్ళు తాగిస్తే మరింత ముదురుతుంది. పలచబడిన రక్తంలోని నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, గంజి, ఇవన్నీ పనిచేసేది ఇక్కడే. రెండు పూటలా కడుపునిండా అన్నం, కూర, పచ్చడి తినే కూలిమనిషికి విడిగా ఉప్పుబిళ్ళలు అక్కర్లేదు. ఏమీ తినకుండా పనికి పోయేవాళ్ళ గురించే నా భయం. కొబ్బరినీళ్ళు మంచివే, కాని వాటిలో ఉన్నది ఎక్కువగా పొటాషియం, సోడియం తక్కువ. చెమటలో పోయినదానికి అవి సరిపోవు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదు కూడా. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి స్పృహ తప్పుతుంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్ళు చల్లి, విసురుతూ, 108కి ఫోన్ చెయ్యండి.

విరేచనాల సంగతికి వద్దాం. మనం తాగే రెండు లీటర్లు కాక, లాలాజలం, జీర్ణరసాలు, పైత్యరసం కలిపి రోజుకు ఇంకో ఏడు లీటర్లు మన ఒళ్ళే పేగుల్లోకి వదులుతుంది. అందులో నూటయాభై, రెండు వందల మిల్లీలీటర్లు తప్ప మొత్తం పేగులు తిరిగి పీల్చుకుంటాయి. కలరాలో పేగు గోడలే ఉప్పునూ నీటినీ ధారగా పేగుల్లోకి వదిలేసి, గంటకు లీటరు దాకా పోవచ్చు. నాళాల్లో ఉన్న 3 లీటర్లతో పోల్చి చూస్తే, కొద్ది గంటల్లో ప్రాణం ఎలా పోతుందో తెలుస్తుంది.

1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి చెప్పాడు. పేగు గోడలో చక్కెరనూ సోడియాన్నీ జతగా లోపలికి తీసుకునే దారి ఒకటుంది. ఆ రెండూ వెళ్తే వెనకే నీరూ వెళ్తుంది. కలరా వచ్చినా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో గుడారాల్లో ఉన్నప్పుడు కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే గ్లాసులతో తాగించారు. నూటికి ముప్పై మంది పోతున్నచోట చావులు నూటికి నలుగురి లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. ప్రపంచం మొత్తంలో ఇంతమంది పసిబిడ్డలను బతికించిన వైద్యం ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ పొట్లంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, వాటితోపాటు పొటాషియం, సిట్రేటు లవణాలు ఉంటాయి. మొత్తం కలిపి రక్తం కంటే కొంచెం పలచన. ఆ కొలతలోనే కిటుకంతా ఉంది. తియ్యగా ఉండాలని చక్కెర ఎక్కువ పోస్తే పేగులో చిక్కదనం పెరిగి, నీరు లోపలికి పోయే బదులు ఒంట్లోంచి పేగులోకి వస్తుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. తియ్యని పానీయాలు కొన్ని డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న అక్షరాలు వేసుకుని మందుల షాపుల్లో చేరాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి పేర్లను నిషేధించింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదలకు ఇంత ఫలితం రావడం చూసి ఆమె మీద నాకెంతో గౌరవం కలిగింది. మీరు కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా ఇస్తారు.

కలపడంలో కూడా పొరపాట్లు జరుగుతున్నాయి. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో వేస్తే అది సముద్రపు నీరంత చిక్కగా తయారవుతుంది, పసిబిడ్డకు ప్రమాదం. పొట్లం మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలపాలి, 24 గంటల్లో వాడెయ్యాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న టీ చెంచాతో, గుట్ట పొయ్యకుండా తలకొట్టి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్ళీ పట్టండి. తల్లిపాలు ఆపకండి. పిల్లలకు జింక్ మాత్రలు 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు మూడో రోజుకే తగ్గినా.

మన పల్లెల్లో నీరసం అనగానే బాటిల్ ఎక్కించుకోవడం ఒక అలవాటైంది. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉన్నది 25 గ్రాముల చక్కెర, వంద కేలరీల లోపు. చిన్న ఇడ్లీలు రెండు తింటే వచ్చే బలం. దాని నీరు మూడింట రెండు వంతులు కణాల్లోకి పోతుంది కాబట్టి బీపీ పడిపోయినవాళ్ళకు కూడా పెద్దగా పనికిరాదు. ఉప్పు సెలైన్ అయితే లీటరులో పావు వంతు నాళాల్లో నిలుస్తుంది, మిగతాది సందుల్లోకి చేరుతుంది. తాగలేని మనిషికి, వాంతులు ఆగనివాళ్ళకు, కలరాలాంటి జబ్బుకు అది ప్రాణం పోస్తుంది. 1832లో కలరా రోగి నరంలోకి ఉప్పునీరు మొదట ఎక్కించిన స్కాట్లండ్ వైద్యుడు థామస్ లాటా కళ్ళముందే చావుబతుకుల్లో ఉన్న మనిషి తేరుకుని మాట్లాడింది. కాని నోటితో తాగగలిగినవాళ్ళకు, అందులోనూ గుండెజబ్బున్న పెద్దవాళ్ళకు, ఊరికే బలానికని ఎక్కిస్తే ఆ ఉప్పూ నీరూ ఊపిరితిత్తుల్లో చేరి రాత్రికి ఆయాసం మొదలవ్వచ్చు.

మన తాగునీటి గురించి కూడా చెప్పాలి. తీరం వైపు ఊళ్ళలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. వేసవిలో కాలువ కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం, అవి అడుగంటితే కష్టం. బంగ్లాదేశ్ దక్షిణ తీరంలో డాకోప్ అనే ప్రాంతంలో, మనలాంటి డెల్టాలోనే, గర్భిణులను పరిశీలిస్తే, తాగేనీటిలో ఉప్పు ఎక్కువైనవాళ్ళలో బీపీ, గుర్రపువాతం ఎక్కువగా కనిపించాయి. రోజుకు మూడు లీటర్ల నీరు తాగే మనిషికి ఆ నీటిలోని ఉప్పు కూడా లెక్కలోకే వస్తుంది. రొయ్యల చెరువుకు సెలినిటీ చూసుకునే ఊరు, పిల్లలు తాగే నీటికి కూడా ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా ఏప్రిల్ మే నెలల్లో, పరీక్ష చేయించమని పంచాయతీని అడగాలి. బీపీ ఉన్నవాళ్ళ ఇంట్లో ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న టీ చెంచా దాటకూడదు. పచ్చడిలోదీ, నీటిలోదీ కలిపే ఆ లెక్క.

పెద్దవాళ్ళ సంగతి ఒకటి మిగిలింది. డెబ్భై ఏళ్ళు దాటాక దాహం మందగిస్తుంది, నీరు తక్కువైనా గొంతు అడగదు. ఎండాకాలంలో వాళ్ళు అడగకపోయినా గ్లాసు చేతికిచ్చి తాగించాలి. బీపీకి నీరు లాగే మాత్రలు వాడుతున్న పెద్దావిడ ఉన్నట్టుండి పొంతనలేని మాటలు మాట్లాడుతుంటే, వయసు మీదపడింది అని ఊరుకోకుండా రక్తంలో సోడియం పరీక్ష చేయించండి. 135 నుంచి 145 మధ్య ఉండాలి. తగ్గిన సోడియాన్ని ఆస్పత్రిలో నెమ్మదిగా పెంచుతారు, ఇంట్లో ఉప్పు తినిపించి సరిచెయ్యకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఒక బరువు మిషను కొనుక్కుని, పొద్దున్నే మూత్రానికి పోయి వచ్చాక, కాఫీ తాగకముందు, బరువు చూసుకుని క్యాలెండరు మీద రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంటికి పట్టిన బలం కాదు, చేరిన నీరు. ఆయాసం మొదలయ్యేదాకా ఆగకుండా ఆ కాగితం తీసుకుని ఆ రోజే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.